కళ్ళు పొడిబారితే చుక్కలా, ప్లగ్గా?

"ఒళ్ళంతా చెమటలు కారిపోతుంటే గోదావరి జిల్లాల్లో కళ్ళు పొడిబారడమేంటండీ!" అని నవ్వేస్తారు మావాళ్ళు. గాలిలో తేమ ఎంతున్నా కంటి మీది తడి లెక్క వేరు. రాత్రంతా నెత్తిమీద ఫుల్‌లో తిరిగే ఫ్యాను, పగలంతా ఏసీ, కాలవ గట్టు మీద హెల్మెట్ అద్దం ఎత్తేసి బండి నడపడం, మాసూళ్ళప్పుడు ధాన్యం దుమ్ము, రైస్ మిల్లు దగ్గర ఎగిరే ఊక. ఇవన్నీ కంటికి పగే. నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ళయితే కొక్కెం మీద చూపు పెట్టి రెప్ప వేయడమే మర్చిపోతారు. ఫోన్ చూసేవాళ్ళదీ అదే తంతు.

ఇంకో తిరకాసు ఉంది. "నాకు పొడిబారడం కాదు, ఊరికే నీళ్ళు కారుతున్నాయి" అంటారు చాలామంది. కంటి పైపొర ఎండి మండితే మెదడు ఒక్కసారిగా నీళ్ళు వదిలేస్తుంది. అవి నిలవవు, చెంప మీదికి జారిపోతాయి. మళ్ళీ మంటే.

కన్నీరు ఊరే గ్రంథి పై రెప్ప వెనక, బయటి మూల వైపు ఉంటుంది. బయటికి పోయే దారి ముక్కు వైపు మూలలో. పై రెప్పకొకటి, కింది రెప్పకొకటి సూదిమొనంత రంధ్రాలుంటాయి. చుక్కల మందు వేసుకున్న కాసేపటికి గొంతులో చేదు తగిలేది ఆ దారినే. ఆ రంధ్రంలో పెట్టే చిన్న బిరడానే ప్లగ్. చేలో నీళ్ళు నిలవకపోతే బోదెలోంచి ఎక్కువ పెట్టడం ఒక పద్ధతి, మురుగు బోదెకి అడ్డుకట్ట వేయడం రెండోది. చుక్కలు మొదటి రకం, ప్లగ్ రెండో రకం. అయితే చేలో ఉన్నది మురుగు నీరైతే అడ్డుకట్ట వేసి ఏం లాభం?

అందుకే ఏది మేలో తేల్చే ముందు మనది ఏ రకం పొడో తేలాలి. ఒకటి, నీళ్ళే తక్కువ ఊరడం. రెండోది, నీళ్ళు ఊరినా పైన నూనె పొర లేక ఇట్టే ఆవిరైపోవడం. ఆ నూనె రెప్ప అంచునున్న గ్రంథుల నుంచి వస్తుంది. ఎక్కువమందిలో కనిపించేది ఈ రెండోదే. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి.

నీళ్ళు కొలిచే పరీక్ష చూడ్డానికి తమాషాగా ఉంటుంది. సన్నని కాగితం ముక్క కొస మడిచి, కింది రెప్పకి బయటి వైపు తగిలించి ఐదు నిమిషాలు కూర్చోబెడతారు. కాగితం ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో చూస్తారు. పదికి తక్కువైతే అనుమానం, ఐదుకి లోపైతే నీళ్ళు బాగా తక్కువని. ఇంకో పరీక్షలో పసుపు రంగు మందు వేసి, రెప్ప వేయకుండా ఉంటే ఆ తడి పొర ఎన్ని సెకన్లకి చెదురుతుందో లెక్కపెడతారు. పది సెకన్ల లోపే చెదిరితే పొర నిలకడ లేనట్టు. ఈ రెండూ చేయకుండా ప్లగ్ మాట ఎత్తితే మాత్రం నేను ఇంకో డాక్టరు దగ్గరికే వెళ్తాను.

ఇక చుక్కలు. కన్నీటికి బదులు తడినిచ్చే చుక్కలతో, అంటే కార్బాక్సీమిథైల్ సెల్యులోజో, హయలురోనేటో ఉన్నవాటితో మొదలుపెట్టడమే రివాజు. వేసుకున్న కాసేపు హాయి, తర్వాత మామూలే. రోజుకి నాలుగుసార్లు మించితే ప్రిజర్వేటివ్ (మందు చెడిపోకుండా కలిపేది) లేనివి అడగాలి. బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్ కలిపిన సీసాని గంట గంటకీ వాడితే అదే కంటిని రేపుతుంది. ప్రిజర్వేటివ్ లేనివి ఖరీదెక్కువ, నెలనెలా కొనాలి. ప్లగ్‌కి ఆశపడేది ఇక్కడే. మెడికల్ షాపులో "ఎరుపు తగ్గడానికి" ఇచ్చేవి మాత్రం వద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే, డాక్టరు చూడకుండా నెలల తరబడి వాడితే కంట్లో ప్రెషర్ పెరుగుతుంది, శుక్లాలొస్తాయి. నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద పెట్టుకుంటారా, పెట్టుకోండి, చల్లగా ఉంటుంది. రసం పిండి కంట్లో వేయకండి.

నూనె పొర లోపమైతే పెద్ద ఖర్చు లేని వైద్యం వేడి కాపడమే. గోరువెచ్చని గుడ్డ మూసిన రెప్పల మీద ఓ పది నిమిషాలు పెట్టి, తర్వాత రెప్ప అంచు వైపుకి మెల్లగా రాయాలి. గడ్డకట్టిన నూనె కరిగి బయటికొస్తుంది. రోజూ చేయాలి, అదే బద్ధకం. చేప నూనె మాత్రల గురించి కూడా అడుగుతారు. అమెరికాలో రోగుల మీద చేసి, 2018లో ఫలితాలు బయటపెట్టిన పెద్ద పరీక్షలో ఒమేగా-3 (చేప నూనె) మాత్రలు ఆలివ్ నూనె మాత్రల కన్నా మెరుగ్గా ఏమీ చేయలేదని తేలింది. చేపల పులుసు మానమనడం లేదు, కంటి మందని మాత్రం తినక్కర్లేదు.

ప్లగ్ పెట్టడం పెద్ద ఆపరేషనేం కాదు. మత్తు చుక్కలు వేసి, రంధ్రం కొలిచి, సరైన సైజుది లోపలికి నొక్కుతారు. కొన్ని నిమిషాల పని, అదే రోజు ఇంటికి. కొల్లాజెన్‌వి కొద్ది రోజుల్లో కరిగిపోతాయి, ఇంకో రకం కొన్ని నెలలుంటాయి, సిలికాన్‌వి తీసేదాకా ఉంటాయి. మామూలుగా ముందు కింది రెప్పకే పెడతారు. మొదట్లో మూలన ఏదో గుచ్చుకున్నట్టుంటుంది. కళ్ళు నలిపే అలవాటున్నవాళ్ళకి ఊడిపోతుంది. అసలు ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బందే అది. కొందరికి నీళ్ళు కారడం ఎక్కువై తీయించుకుంటారు. అరుదుగా లోపలికి జారి చీము పడుతుంది. 2017లో, వైద్య పరీక్షల ఫలితాలు బేరీజు వేసే కోక్రేన్ అనే సంస్థ సమీక్ష అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసి, లాభం ఉందని గట్టిగా చెప్పేంత ఆధారం లేదంది. ఎవరికీ పనిచేయదని దాని అర్థం కాదు. రకం చూడకుండా అందరికీ పెడితే లెక్క అలాగే వస్తుందని నా అభిప్రాయం.

కన్ను ఎర్రగా, రెప్పలు వాచి ఉన్నప్పుడు ప్లగ్ పెట్టకూడదనే నేనంటాను. వాపు పెంచే పదార్థాలన్నీ ఆ కన్నీళ్ళలోనే ఉంటాయి, వాటిని కంటి మీదే నిలబెట్టినట్టవుతుంది. ముందు సైక్లోస్పోరిన్ చుక్కలతోనో, డాక్టరు చూస్తుండగా కొద్ది రోజుల స్టెరాయిడ్‌తోనో వాపు దించాలి. సైక్లోస్పోరిన్ వేసుకోగానే చురుక్కుమంటుంది, గుణం కనిపించడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. "ఇది పనిచేయట్లేదు" అని మధ్యలో మానేసేవాళ్ళే ఎక్కువ.

మా వీధిలో లేసు అల్లే పిన్ని "ఆ బిరడా ఏదో పెట్టించేసుకుంటే పోలా?" అంది. "పిన్నీ, నోరు కూడా ఎండుతోందా?" అని అడిగితే, ముద్ద దిగాలంటే ప్రతిసారీ నీళ్ళు తాగాలంది, వేళ్ళ కీళ్ళు కూడా నొప్పులట. అలాంటివాళ్ళకి కంటి డాక్టరు ఒక్కరూ చాలరు. ఒంట్లోని రోగనిరోధక శక్తే కన్నీటి, లాలాజల గ్రంథుల మీద పడే షోగ్రెన్స్ జబ్బేమో రక్తపరీక్షలతో చూడ్డానికి కీళ్ళ జబ్బులు చూసే రుమటాలజిస్ట్ కావాలి. అదే అని తేలి, కాగితం తడవకపోతే, వాపు దిగాక ప్లగ్‌తో బాగా లాభపడేది ఇలాంటివాళ్ళే. చుక్కలు మానడం కుదరకపోయినా మోతాదు తగ్గుతుంది. మిల్లులో ముఠా పనివాళ్ళకీ, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే కుర్రాళ్ళకీ నా ఓటు కళ్ళద్దాలు, కాపడం, చుక్కలకే. జలుబు మాత్రలు రోజూ మింగేవాళ్ళు ముందు ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి, అవి కూడా కంటిని ఎండగడతాయి.

ప్లగ్ మీదే మనసు పోతే కరిగిపోయే రకంతో మొదలుపెట్టమని అడగండి. అది ఉన్నన్నాళ్ళూ హాయిగా ఉంటే సిలికాన్‌ది పెట్టించుకోవచ్చు. చెంపల మీద నీళ్ళు కారితే అది కరిగేదాకా ఓపిక పడితే చాలు. రంధ్రాన్ని కాల్చి శాశ్వతంగా మూసే పద్ధతీ ఉంది. ప్లగ్గులు మాటిమాటికీ ఊడిపోయి, నీళ్ళు బొత్తిగా ఊరనివాళ్ళకే అది. మళ్ళీ తెరవడం అంత తేలిక కాదు.