డ్రమ్ రంధ్రాల మధ్య లోహం: నిలువు లెక్క, చుట్టు లెక్క

బాయిలర్ డ్రమ్‌లో ట్యూబుల కోసం వేసిన రంధ్రాల మధ్య మిగిలే లోహం బలం ఎంతో చూడాలి. ఆస్మే (అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం) బాయిలర్ కోడ్ సెక్షన్ 1లో పీజీ-52 నియమం ప్రకారం, అక్షం వెంబడి సమాన పిచ్ (రంధ్రం మధ్య నుంచి పక్క రంధ్రం మధ్యకి దూరం) ఉంటే పిచ్‌లోంచి రంధ్రం వ్యాసం తీసేసి పిచ్‌తో భాగించాలి; రంధ్రాలు లేని రేకుతో పోలిస్తే మిగిలే బలం శాతం అదే. 100 మి.మీ. పిచ్‌, 64.3 మి.మీ. రంధ్రానికి 35.7%. చాలామంది ఇక్కడ ట్యూబు వ్యాసం 63.5 వేసి 36.5% తెచ్చుకుంటారు, అది తప్పు, పోయేది రంధ్రమంత లోహం.

చుట్టుకొలత వెంబడి వరుసగా ఉన్న రంధ్రాల మధ్య లోహాన్ని డ్రమ్ లోపలి ఒత్తిడి అక్షం దిశలో లాగుతుంది, ఆ లాగుడు సగమే, కాబట్టి పై 35.7%లో సగం బలం, అంటే 17.85% చాలు. చిక్కంతా కొలతలోనే. డ్రమ్ బయటి వ్యాసం 1000 మి.మీ., మందం 50 మి.మీ. అనుకోండి. బయటి ఉపరితలం మీద పిచ్ 80 మి.మీ. అని కొలిస్తే 19.6%, పాస్! మందం మధ్యగీత మీద అదే పిచ్ 76 మి.మీ., 15.4%, ఫెయిల్. కొలవాల్సింది మధ్యగీత మీదే.