డెంటల్ ఇంటర్వ్యూ కోచింగ్ రివ్యూ: "మెడిసిన్ ఎందుకు కాదు?" అన్న ఒక్క ప్రశ్న కోసం తీసుకున్నా

డెంటల్ కాలేజీ ఇంటర్వ్యూలకి ఆన్‌లైన్‌లో మాక్ ఇంటర్వ్యూలు చేయించే ఒక సర్వీస్ తీసుకున్నా. మొత్తం ఐదు సెషన్లు, అన్నీ అయిపోయాయి కాబట్టి ఇప్పుడు వివరంగా రాస్తున్నా. పేరు చెప్పట్లేదు, బాగాలేనివి కూడా చెప్పాలి కదా, పైగా ఏ సర్వీస్ తీసుకున్నా ఏం చూసుకోవాలో తెలిస్తే చాలు. నేను తీసుకున్నది ఒకే ఒక్క కారణంతో. "డెంటిస్ట్రీ ఎందుకు, మెడిసిన్ ఎందుకు కాదు?" అని ఎవరైనా అడిగితే నాకు మాట పడిపోయేది. కారణం లేక కాదు, నాకిది నిజంగా ఇష్టం, కానీ నోటితో చెప్పేసరికి ఏదో సర్దిచెప్పుకుంటున్నట్టు వినిపించేది, వెంటనే "అయితే మెడిసిన్ సీటు రాదనా?" అనేవాళ్ళు. చాలా బాధేసేది.

మొదటి సెషన్ వేస్ట్ అండి. సెషన్‌కి ముందు ఒక పీడీఎఫ్ పంపారు, అందులో రెడీమేడ్ జవాబులు. చేతులతో చేసే పని ఇష్టం, సైన్సూ ఆర్టూ కలిసిన వృత్తి, పేషెంట్‌తో ఏళ్ళ తరబడి పరిచయం ఉంటుంది, టైమింగ్స్ బాగుంటాయి, ఇవే. కోచ్ నాతో అవే గంటసేపు చెప్పించారు, ఇక్కడ నవ్వండి అక్కడ ఆగండి అంటూ. అవి తప్పు మాటలని కాదు గానీ ఇంటర్వ్యూ చేసేవాళ్ళు పొద్దున్నుంచి పది మంది దగ్గర అవే విని ఉంటారు కదా. కోచ్‌ని మార్చమని మెయిల్ పెట్టా, మార్చారు, ఆ విషయంలో మాత్రం ఇబ్బంది పెట్టలేదు.

రెండో సెషన్ నుంచి వచ్చినావిడ ప్రాక్టీస్ చేస్తున్న డెంటిస్ట్. డబ్బులకి న్యాయం జరిగింది ఇక్కడే. నేను చేతుల పని ఇష్టం అనగానే "సర్జన్ చేసేది చేతులతోనే కదండి?" అన్నారు. ఏళ్ళ తరబడి పరిచయం అన్నా, "ఫ్యామిలీ డాక్టర్‌కి ఉండదా?" అన్నారు. సైన్సూ ఆర్టూ అంటే ప్లాస్టిక్ సర్జరీ గుర్తు చేశారు. అప్పుడు నేను బాగా చదువుకున్న పాయింట్ తీశా: 1844లో హోరేస్ వెల్స్ అనే డెంటిస్ట్ నైట్రస్ ఆక్సైడ్ పీల్చి తన పన్నే తీయించుకున్నాడు, 1846లో ఈథర్‌తో ఆపరేషన్ చేయొచ్చని జనం ముందు చూపించిన మోర్టన్ కూడా డెంటిస్టే, మత్తుమందు విషయంలో మెడిసిన్‌కి దారి చూపించింది మనవాళ్ళే అని. ఆవిడ మొత్తం విని "చాలా బాగుందండి, కానీ ఇందులో మీరెక్కడున్నారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత అడిగిన ప్రశ్న నేను మర్చిపోలేను. "క్లినిక్‌లో అబ్జర్వ్ చేయడానికి వెళ్ళారు కదా, ఏ రోజు ఇంటికొచ్చి ఎవరికైనా చెప్పకుండా ఉండలేకపోయారు?"

ఆ రోజు నాకు వెంటనే గుర్తొచ్చింది. ఒక అబ్బాయికి ముందు పన్ను అంచు విరిగింది, మాట్లాడుతున్నంతసేపూ పై పెదవి కిందకి లాక్కునే మాట్లాడుతున్నాడు. డాక్టర్ గారు అన్నిటికంటే ముందు షేడ్ గైడ్, అంటే పళ్ళ రంగుల నమూనాల సెట్, తీసి పన్ను పక్కన పెట్టి రంగు చూశారు, ఎందుకంటే నోరు తెరిచి ఉంచితే పన్ను ఆరిపోయి అసలు రంగు కంటే తెల్లగా కనిపిస్తుంది, అప్పుడు చూస్తే షేడ్ తప్పుతుంది. తర్వాత పన్ను పైభాగాన్ని గరుకు చేసే నీలం రంగు ఎచింగ్ జెల్, కడగడం, అతుక్కోవడానికి బాండింగ్, ఆపైన కాంపోజిట్ అనే పన్ను రంగు ఫిల్లింగ్ పొరలు పొరలుగా పెడుతూ ఒక్కో పొరా గట్టిపడేలా లైట్ వేయడం, చివర్లో రంగు కాగితం కొరికించి ఎక్కడ ఎత్తుగా తగులుతోందో చూసి అరగదీయడం. ఆ అబ్బాయి ముందు నాలుకతో తడిమి చూసుకున్నాడు, అద్దం ఆ తర్వాతే అందుకున్నాడు. వెళ్ళేటప్పుడు రిసెప్షన్ దగ్గర మాట్లాడుతుంటే పెదవి లాక్కోవడం లేదు.

ఇది చెప్పాక ఆవిడ "ఇదే మీ జవాబు, ఇక దీని చుట్టూ కట్టండి" అన్నారు. చూసింది, నిర్ణయించింది, చేసింది, సరిచూసుకుంది అంతా ఒకే మనిషి, అదీ ఒకే సిట్టింగ్‌లో. ఆస్పత్రిలో ఆ పని చాలాసార్లు నలుగురైదుగురు పంచుకుంటారు, అది గొప్పే, కానీ నాకు కావాల్సింది ఇది. మెడిసిన్‌ని తక్కువ చేసే మాట ఒక్కటి కూడా రానివ్వలేదు ఆవిడ, ప్యానెల్‌లో డాక్టర్ కూడా ఉండొచ్చు అని మాత్రమే కాదు, అలా అంటే మనకి మన వృత్తి గురించి చెప్పడానికేమీ లేదని తెలిసిపోతుందట.

నోరు ఒంట్లో భాగం కానట్టు మాట్లాడినా ఊరుకోలేదు. షుగర్ ఉన్నవాళ్ళకి చిగుళ్ళ జబ్బు ఎక్కువ వస్తుంది, చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగర్ అదుపులో ఉంచడం కష్టమవుతుంది, రెండు వారాలు దాటినా మానని పుండు నోట్లో కనిపిస్తే ముందు అనుమానించాల్సింది డెంటిస్టే. సరే ఇదంతా చెప్పా, వెంటనే "ఇంత మెడికల్ ఆసక్తి ఉంటే డాక్టరే అవ్వొచ్చుగా?" అని ఎదురు ప్రశ్న. ఇక్కడే రెండుసార్లు తడబడ్డా. మెడ నొప్పి, నడుం నొప్పి, భయపడుతూ వచ్చే పేషెంట్లు, రోజూ అవే ఫిల్లింగులు, ఇవన్నీ తెలిసే వస్తున్నారా అని కూడా అడిగారు, అబద్ధం చెప్పకుండా జవాబివ్వడం అలవాటు చేశారు.

నాలుగో సెషన్ ఎంఎంఐ ప్రాక్టీస్, అంటే ఒకే ప్యానెల్ కాకుండా చిన్న చిన్న స్టేషన్లు, ఒక్కోదానికి కొద్ది నిమిషాలే. టైమర్ పెట్టి చేయించారు, ఫర్వాలేదు. ఐదోది మామూలు రివిజన్.

అసలు ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న నేను అనుకున్న రూపంలో రాలేదు. "మీ తమ్ముడు డాక్టర్ అవ్వాలా డెంటిస్ట్ అవ్వాలా అని మిమ్మల్ని అడిగితే ఏం చెప్తారు?" అన్నారు. బట్టీ పట్టిన జవాబైతే అక్కడే ఆగిపోయేదాన్ని. "రెండు చోట్లా కొన్ని రోజులు కూర్చుని చూడమంటాను" అని, నేను చూసిన ఆ పన్ను సంగతి చెప్పా. ఒకాయన ముందుకు వంగి షేడ్ ఎప్పుడు చూశారని అడిగారు! రిజల్ట్ ఇంకా రాలేదు.

ఐదుకి మూడున్నర ఇస్తా. మొదటి సెషన్‌కి ఒకటి, సెషన్ వీడియోలు చెప్పాపెట్టకుండా రెండు వారాలకే తీసేసినందుకు ఒక అర పోయింది. మీరు ఇలాంటిది తీసుకుంటే కోచ్ ప్రాక్టీస్‌లో ఉన్న డెంటిస్టేనా అని డబ్బు కట్టకముందే అడగండి, వీడియో లింక్ రాగానే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.