ఫోల్డర్ పేరులో స్పేస్ ఉంటే ఏ షెల్ మేలు?

భీమవరం, పాలకొల్లు వైపు రొయ్యల వ్యాపారుల దగ్గరా, రైసుమిల్లుల్లోనూ లెక్కలు రాసేవాళ్లు ఫోల్డర్‌కి పేరు పెట్టేది మనుషులు చదువుకోడానికి. ‘దాళ్వా బిల్లులు’, ‘ఆకివీడు చెరువు’, ‘మేత బాకీలు పాతవి’. మధ్యలో అండర్‌స్కోర్ పెట్టమంటే సరేనంటారు, రెండో రోజుకి మళ్లీ మామూలే. వాళ్లని మార్చే పని మానేసి, బ్యాకప్‌లు తీసే మనం ఏ షెల్ (టైప్ చేసిన కమాండ్లని అందుకుని నడిపే ప్రోగ్రామ్) వాడాలో చూసుకోవడం నయం.

చేత్తో టైప్ చేసేటప్పుడు దాదాపు అన్నీ ఒకటే. సగం పేరు రాసి ట్యాబ్ కొడితే, మిగతాది పూరించి స్పేస్ దగ్గర లినక్స్‌లో మామూలుగా ఉండే బ్యాష్ బ్యాక్‌స్లాష్ పెడుతుంది, విండోస్ కమాండ్ ప్రాంప్ట్ డబుల్ కోట్స్ పెడుతుంది, పవర్‌షెల్ సింగిల్ కోట్స్ పెడుతుంది. తేడా ఎక్కువగా బయటపడేది ఆ పేరుని వేరియబుల్‌లో (విలువ దాచుకునే పేరులో) పెట్టి స్క్రిప్ట్, అంటే కమాండ్లు రాసిపెట్టిన ఫైలు, నడిపినప్పుడు.

బ్యాష్ సంగతి చూడండి. కోట్స్ లేని వేరియబుల్ విలువని అది స్పేస్, ట్యాబ్, కొత్త లైను దగ్గర ముక్కలు చేస్తుంది. ఒకేచోట ‘దాళ్వా’, ‘దాళ్వా పాతవి’ అని రెండు ఫోల్డర్లున్నాయనుకుందాం. పాతవి తీసేద్దామని ఆ పేరుని వేరియబుల్‌లో పెట్టి, కోట్స్ లేకుండా ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్ (అడక్కుండా తుడిచేసే కమాండ్) ఇస్తే, ఆర్ఎంకి అందేవి రెండు పేర్లు: దాళ్వా, పాతవి. మొదటిది ఈ పంట లెక్కలు, పోయాయి. రెండోది అసలు లేనే లేదు, మైనస్ ఎఫ్ ఇచ్చాం గనక లేదని చెప్పను కూడా చెప్పదు. తీసేయాలనుకున్న ఫోల్డర్ మాత్రం చెక్కుచెదరకుండా అక్కడే ఉంటుంది! డాలర్ గుర్తుకి ముందొకటి, పేరు చివర ఒకటి డబుల్ కోట్ ఉంటే ఇదేదీ జరగదు. లూప్ తిప్పేటప్పుడు కూడా అంతే. స్టార్ గుర్తు ఇస్తే ఒక్కో పేరూ నిండుగా వస్తుంది, ఫైళ్ల పేర్లు చూపే ఎల్ఎస్ కమాండ్ ఇచ్చిన జాబితాని అందిస్తే ముక్కలు ముక్కలుగా వస్తుంది.

2019లో కాటలీనా నుంచి మ్యాక్‌లో డీఫాల్ట్‌గా వస్తున్న జెడ్‌షెల్ ఈ విషయంలో మెరుగు. మామూలు సెట్టింగ్స్‌లో వేరియబుల్‌ని విరగ్గొట్టదు. అలాగని గుడ్డిగా నమ్మకూడదు, వేరే కమాండ్ ఇచ్చిన అవుట్‌పుట్‌ని కోట్స్ లేకుండా వాడితే ఇదీ స్పేస్ దగ్గర విరుస్తుంది. ఫోల్డర్ మార్చే సీడీ కమాండ్‌కి రెండు పదాలిస్తే ఇంకో వింత: ఇప్పుడున్న పాత్‌లో (ఫోల్డర్ పూర్తి చిరునామాలో) మొదటి పదం తీసి రెండోది పెట్టి అక్కడికి వెళ్తుంది. సార్వా బిల్లుల్లోంచి దాళ్వా బిల్లుల్లోకి దూకడానికి నాకైతే ఇది భలే నచ్చింది.

2005లో వచ్చిన ఫిష్ అనే షెల్ అందరికంటే బుద్ధిమంతురాలు. వేరియబుల్‌ని ముక్కలు చేయదు, కమాండ్ అవుట్‌పుట్‌ని కూడా లైను చివర తప్ప విడగొట్టదు. చిక్కల్లా అది అన్ని మెషీన్లలోనూ ఉండకపోవడమే.

ఇక విండోస్. కమాండ్ ప్రాంప్ట్‌లో సీడీ దాళ్వా బిల్లులు అని కోట్స్ లేకుండా కొట్టినా లోపలికి వెళ్లిపోతుంది. ఆ ధైర్యంతో, కొత్త ఫోల్డర్ చేసే ఎండీ కమాండ్‌తో ఎండీ దాళ్వా బిల్లులు అంటే రెండు వేరువేరు ఫోల్డర్లు పుడతాయి. సీడీకి ఉన్న మినహాయింపు ఎండీకి లేదన్నమాట. కోట్స్ పెట్టినా, ఫోల్డర్లు కాపీ చేసే రోబోకాపీలో ఒక మెలిక ఉంది. పాత్ చివర బ్యాక్‌స్లాష్ పెట్టి వెంటనే కోట్ మూస్తే, ఆ కోట్‌ని మూత కింద కాకుండా పేరులోని అక్షరం కింద తీసుకుంటుంది. దాంతో తర్వాతి పాత్ కూడా దీనికే అతుక్కుంటుంది. చివరి బ్యాక్‌స్లాష్ తీసేస్తే చాలు.

పవర్‌షెల్‌లో వేరియబుల్‌కి కోట్స్ అక్కర్లేదు, పేరు నిండుగానే వెళ్తుంది. స్పేస్ ఉన్న పాత్‌లోని ప్రోగ్రామ్ నడపాలంటే మాత్రం ముందు యాంపర్సాండ్ (&) పెట్టాలి. లేకపోతే కోట్స్‌లో రాసిన పేరుని అలాగే తెర మీద అచ్చేసి ఊరుకుంటుంది.

ఆఫీసుల్లో ఎక్కువగా ఉండేది విండోసే కాబట్టి అక్కడి బ్యాకప్‌కి నా ఓటు పవర్‌షెల్‌కే. లినక్స్‌లో సొంత టైపింగ్‌కి ఫిష్. నలుగురి మెషీన్లలో నడవాల్సిన స్క్రిప్ట్‌కి బ్యాషే, కాకపోతే స్క్రిప్ట్‌లో తప్పులు వెతికే షెల్‌చెక్‌తో ఒకసారి చూపించాకే వాడండి. కోట్స్ మరిచిపోయిన ప్రతి వేరియబుల్‌నీ లైను నంబరుతో సహా పట్టిస్తుంది.