ప్రీమియర్ పద్మినితో హన్మకొండ నుంచి నిర్మల్ దాకా

ముందే చెప్తున్నా, ఇది స్పీడు రేసు కాదు. పాత కార్లున్న వరంగల్, కరీంనగర్ మిత్రులం కొందరం కలిసి పెట్టుకున్న టీఎస్‌డీ (టైం, స్పీడ్, డిస్టెన్స్) ర్యాలీ. ఏ ముక్కలో ఎంత సగటు వేగంతో పోవాలో రోడ్‌బుక్‌లో రాసి ఇస్తారు. మన టైం రాసుకునే చోటు, అంటే టైం కంట్రోల్, ఎక్కడ పెట్టారో మాత్రం చెప్పరు. ఆలస్యంగా వెళ్తే పాయింట్లు పోతాయి, ముందే వెళ్తే ఇంకా ఎక్కువ పోతాయి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో కూడా చెమటలు పట్టించే ఆట ఇది.

నాది 1089 సీసీ పద్మిని. గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉంటుంది, ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ అసలే లేదు. నావిగేటర్ మా బామ్మర్ది. వాడికి ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్స్ 24 గంటల రేసంటే పిచ్చి. 2012లో మన కరుణ్ చందోక్ అక్కడ మొత్తం మీద ఆరో స్థానంలో వచ్చిన సంగతి చెప్పకుండా కారెక్కడు. అదే ట్రాక్ మీద 2002లో పాత కార్ల కోసం లె మాన్స్ క్లాసిక్ అని విడిగా మొదలుపెట్టారు. ఏ కాలం కార్లు ఆ కాలం వాటితోనే, వంతులవారీగా పగలూ రాత్రీ పరుగెత్తుతాయి. మా ర్యాలీకి ఊహ అక్కడినుంచే వచ్చింది, వేగం మాత్రం రాలేదు.

హన్మకొండలో పొద్దున ఆరింటికి స్టార్ట్. ఫొటోల కోసం, లె మాన్స్‌లో ఒకప్పుడు చేసినట్టు డ్రైవర్లంతా రోడ్డుకు అటువైపు నిలబడి, జెండా ఊపగానే కార్ల దగ్గరికి ఉరకాలన్నారు. మాలో సగం మందికి మోకాళ్ల నొప్పులు. నడిచే వెళ్లాం. "పర్లేదు బావా, జాకీ ఇక్స్ కూడా నడిచిండు" అన్నాడు మావాడు. నిజమే. 1969 లె మాన్స్‌లో ఆ ఉరుకుడు స్టార్ట్ ప్రమాదమని నిరసనగా బెల్జియం డ్రైవర్ ఇక్స్ తాపీగా నడిచి వెళ్లి, బెల్టు పెట్టుకుని అందరికంటే చివర బయల్దేరాడు. అదే రోజు మొదటి ల్యాప్‌లోనే, బెల్టు సరిగా పెట్టుకోకుండా దూసుకుపోయిన జాన్ వుల్ఫ్ చనిపోయాడు. 24 గంటల తర్వాత ఇక్స్ జట్టే గెలిచింది, వెనకున్న పోర్షెకు 120 మీటర్ల తేడాతో. మరుసటి ఏడాది నుంచి ఆ ఉరుకుడు తీసేశారు.

ములుగు దాకా 163వ నంబర్ జాతీయ రహదారి. వెడల్పుగా, హాయిగా ఉంటుంది. మీటరు సరిచూసుకోవడానికి ఇంతకంటే మంచి ముక్క దొరకదు. రోడ్‌బుక్‌లో 10 కిలోమీటర్లంటే మా మీటరు 10.2 చూపిస్తోంది. ఆ తేడాను మావాడు పెన్సిల్‌తో ప్రతి పేజీలోనూ సరిచేస్తూ కూర్చున్నాడు. టిఫిన్ ములుగులోనే కానిచ్చేయండి. బస్టాండ్ దగ్గరి బండి మీద ఇడ్లీ, పల్లీ చట్నీ మాకు బాగా నచ్చాయి. ముందుకెళ్తే ఇంత వేడిగా దొరకలేదు.

పాలంపేటలో అరగంట ఆగమని రోడ్‌బుక్‌లోనే ఉంది. రామప్పకు ఆ అరగంట ఏ మూలకూ సరిపోదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాలో చేరింది. పునాది గోతుల్లో ఇసుక నింపి దాని మీద ఇంత బరువు నిలబెట్టారు. గర్భగుడి మీది విమానానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. నల్లరాతి మదనికలను, అంటే నాట్యకత్తెల శిల్పాలను, పొద్దుటి ఏటవాలు వెలుతురులోనే చూడాలి, మధ్యాహ్నానికి చెక్కడపు గీతలన్నీ చదునైపోతాయి. పార్కింగ్‌కు ఇబ్బంది లేదు. తీరికున్నవాళ్లు ఒక రాత్రి ఆ దగ్గర్లోనే ఉండండి. పిల్లలుంటే లక్నవరం నయం, చెరువూ వేలాడే వంతెనలూ వాళ్లకు సరిపోతాయి.

గణపురం కోటగుళ్లు దాటాక అసలు పరీక్ష. భూపాలపల్లి దగ్గర బొగ్గు లారీల వెనక నడక వేగంతో పోతుంటే ఇంజిన్ వేడెక్కి, పంపులో పెట్రోలు ఆవిరై, బండి ఆగిపోయింది. మార్చి ఎండ. పాత ఫియట్, పద్మిని వాళ్లందరికీ తెలిసిన జబ్బే ఇది. బానెట్ ఎత్తి, ఏసీ పంపు (చల్లదనం ఏసీ కాదు, పెట్రోలు లాగే పంపు) మీద తడిగుడ్డ చుట్టి, నీళ్లు పోస్తూ నిలబడ్డాం. గుడ్డ నుంచి ముందు పొగలు, తర్వాత చుక్కలు. పక్కన చెరుకు రసం బండి పెట్టుకున్నాయన అడగకుండానే ఐసు ముక్కలు తెచ్చిచ్చాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. పదిహేను నిమిషాలకు స్టార్టయింది. పోయిన పాయింట్లు పోయాయి.

మహాదేవపూర్ వైపు ఇసుక లారీల బారులుంటాయి, చీకటి పడకముందే కాళేశ్వరం చేరుకోండి. మేం దిగిన ప్రైవేటు లాడ్జిలో ఫోన్‌లో చెప్పింది వేడినీళ్లు, షెడ్డు కింద పార్కింగ్. ఇచ్చింది బకెట్టు చన్నీళ్లు, రోడ్డు పక్కన జాగా. అడిగితే "ఇవాళ కరెంటు లేదు సార్" అన్నాడు, వాడి నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. గది చూశాకే డబ్బు కట్టండి. శివరాత్రికి, కార్తీకంలో అయితే ఇలాంటి గది దొరకడం కూడా కష్టమే. పొద్దున గోదావరి, ప్రాణహిత కలిసే చోట స్నానం, గుడిలో ఒకే పానవట్టం మీద యముడి లింగం, శివుడి లింగం దర్శనం. లాడ్జి మీది కోపం అక్కడితో పోయింది.

రెండో రోజు మంథని, గోదావరిఖని, మంచిర్యాల. వేడి, దుమ్ము, ట్రాఫిక్. దీని గురించి చెప్పడానికేం లేదు. లక్సెట్టిపేట దాటాక ఒక దాబాలో జొన్నరొట్టె, నాటుకోడి తిన్నాం. కూర వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది, అయినా దానికి పూర్తి మార్కులు ఇస్తాను.

అక్కడే స్టీరింగ్ తనకిమ్మని మావాడు గొడవ. నేనివ్వనన్నాను. "లెవెగ్ కూడా ఇట్లనే అన్నడు బావా" అని మొదలుపెట్టాడు. 1952 లె మాన్స్‌లో ఫ్రాన్స్ డ్రైవర్ పియర్ లెవెగ్ తోటి డ్రైవరుకు బండి ఇవ్వకుండా దాదాపు 23 గంటలు ఒక్కడే నడిపాడు. రేసులో ముందున్నాడు కూడా. చివర్లో ఇంజిన్ పోయింది, గెలుపు మెర్సిడెస్‌కు దక్కింది. ఇప్పుడైతే అక్కడ ఆరు గంటల్లో నాలుగు గంటలకు మించి ఒకే డ్రైవర్ నడపకూడదని నియమం. కథ విన్నాక తాళం ఇవ్వక తప్పలేదు.

మంచిదే అయింది. జన్నారం, కవ్వాల్ అడవి ముక్కను పక్క సీట్లోంచి చూశాను. రెండు వైపులా ఆకు రాల్చిన టేకు చెట్లు, వరసగా స్పీడ్ బ్రేకర్లు, రోడ్డు దాటే కోతులు. ఈ ముక్కకు రోడ్‌బుక్‌లో సగటు వేగం 30 మాత్రమే పెట్టారు. పెట్టినవాళ్లకు దండం. ఈ యాత్ర మొత్తంలో ఒక్క దారే ఎంచుకోమంటే నేను జన్నారం నుంచి ఖానాపూర్ దాకా చెప్తాను. చీకటి పడ్డాక మాత్రం పెట్టుకోకండి, పెట్రోలు మంచిర్యాలలోనే ఫుల్ చేయించండి.

నిర్మల్‌లో ఫినిష్. మాకు వచ్చింది ఐదో స్థానం, భూపాలపల్లి పదిహేను నిమిషాల పుణ్యం. హైవే పక్క హోటల్లో గది శుభ్రంగా ఉంది, పార్కింగ్‌కు వాచ్‌మన్ ఉన్నాడు. పొద్దున పొనికి కర్రతో చేసే బొమ్మలు కొనుక్కుని మెట్‌పల్లి, జగిత్యాల, కరీంనగర్ మీదుగా ఇంటికొచ్చాం. 200 కిలోమీటర్లకు పైనే, కానీ దారి పొడవునా తిండికీ మెకానిక్కులకూ లోటుండదు.

పాత కారుతో ఈ దారి పట్టేవాళ్లు కాంటాక్ట్ సెట్టు, ఫ్యాన్ బెల్టు, ఏసీ పంపు కిట్టు వరంగల్‌లోనే కొని డిక్కీలో వేసుకోండి. భూపాలపల్లి దాటాక మాకు కనిపించినవాళ్లంతా ట్రాక్టర్, లారీ మెకానిక్కులే. పనిమంతులే గానీ, పద్మిని సామాను వాళ్ల దగ్గర ఉండదు.