యాప్ బంద్ అయితున్నదని చౌరస్తా దుకాణంల ఫోన్ ఇచ్చేటోళ్లు జర ఆగుండ్రి

దుకాణం పేరు రాస్తలేను. హన్మకొండ చౌరస్తాల ఫోన్లు రిపేర్ చేయించుకునేటోళ్లకు "ఏ ఫోనైనా అరగంటల సాఫ్ట్‌వేర్" అనేటోళ్లు ఎవ్వలో నేను చెప్పాల్సిన పని లేదు. ఇంకొకలు మునుగకముందుకే కోపం మీదనే రాస్తున్న.

సంగతి చిన్నది. మా కాక ఫోన్ల బ్యాంక్ యాప్ తెరవంగనే మూసుకుంటున్నది, జీమెయిల్‌ది అదే కథ. "ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ ఆగిపోతోంది" అని స్క్రీన్ మీద సక్కగ రాసి వస్తున్నది. కెమెరా మంచిగున్నది, కాల్స్ పోతున్నయ్, వాట్సాప్ నడుస్తున్నది. కౌంటర్ మీది పిలగాడు ఫోన్ అటిటు తిప్పి "సాఫ్ట్‌వేర్ ఎగిరిపోయింది అంకుల్, కొట్టాలె, 1,200 అయితది" అన్నడు. ఏమేం పోతయో చెప్పలే. బ్యాకప్ ఉన్నదా అని అడగలే. స్క్రీన్ మీద వచ్చిన పేరు చదివిండో లేదో దేవునికెరుక.

తిరిగిచ్చినప్పుడు ఫోన్ల ఏమున్నదో తెలుసా? భాష ఎంచుకోండి అనే మొదటి స్క్రీన్. పట్టా పాస్‌బుక్ ఫొటోలు, ఎనుమాముల మార్కెట్‌ల పత్తి అమ్మిన తక్‌పట్టీల ఫొటోలు, బిడ్డ పెండ్లి వీడియోలు, అన్నీ సాఫ్. "ఫొటోలేవి బిడ్డా" అని కాక అడిగితే ఆ పిలగాడు తలకాయ కూడ ఎత్తలే. "సాఫ్ట్‌వేర్ కొట్టినంక ఫొటోలెట్లుంటయ్ అంకుల్, బ్యాకప్ పెట్టుకోవాలె గదా, అది కూడ మేమే చెప్పాల్నా?" అన్నడు. పక్కనున్నోడు నవ్విండు. అరవై ఏండ్ల మనిషిని నిలవెట్టి నవ్వుడు! ఆ 1,200 పోతే పోయినయ్, ఆ నవ్వు మాత్రం మర్చిపోయేటట్టు లేదు. తలనొస్తుందని పోతే గుండు కొట్టి పైసలు తీసుకున్నట్టున్నది. అంతటితోటి అయిపోలే. "రికవరీ చేస్తం, 3,000 అయితది" అని ఇంకో బేరం మొదలువెట్టిండు. ఎంత దయగల మనుషులో చూడుండ్రి, పోగొట్టేది వాళ్లే, వెతికిస్తమనేది వాళ్లే.

ఇగ అసలు విషయం. ఆ ఫోన్‌కు ఫ్లాష్, అంటే సాఫ్ట్‌వేర్ మొత్తం తుడిచి మళ్లా కొట్టుడు, అక్కరనే లేదు.

వెబ్‌వ్యూ అంటే యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపెట్టే సిస్టమ్ భాగం. బ్యాంక్ యాప్‌లు, షాపింగ్ యాప్‌లు, జీమెయిల్ దాని మీద ఆధారపడి నడుస్తయ్. కెమెరాకు, కాల్స్ చేసే డయలర్‌కు దాంతోటి పని లేదు. అందుకే కొన్ని యాప్‌లు పడిపోయి కొన్ని మంచిగుంటే ముందు అనుమానం వెబ్‌వ్యూ మీదికి పోవాలె, మదర్‌బోర్డు మీదికి కాదు. 2021 మార్చిల ప్రపంచమంతట ఇదే జరిగింది. వెబ్‌వ్యూ గడబిడతోటి జీమెయిల్ సహా లెక్కలేనన్ని యాప్‌లు మూసుకున్నయ్. క్రోమ్, వెబ్‌వ్యూ రెండింటిని ప్లే స్టోర్ నుంచి అప్‌డేట్ చేసుకోమని గూగుల్ చెప్పింది, దాంతోటే పని అయిపోయింది. అప్పుడు లోకంల ఫోన్లన్ని ఎవ్వలు ఫ్లాష్ కొట్టిన్రు?

చేసే తీరు ఇది. ముందు ప్లే స్టోర్‌ల మీ ఫొటో గుర్తు నొక్కి, మేనేజ్ యాప్స్ అండ్ డివైస్‌లకు పోయి, క్రోమ్‌కు, ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూకు అప్‌డేట్ ఉంటే కొట్టుండ్రి. లేకుంటే, లేదా అప్‌డేట్ అయినంకనే లొల్లి మొదలైతే, సెట్టింగ్స్‌ల యాప్స్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి షో సిస్టమ్ పెట్టుండ్రి. సామ్‌సంగ్‌ల యాప్‌ల జాబితా పైన ఉండే ఫిల్టర్ గుర్తుల ఇది దొరుకుతది. షావోమీల మేనేజ్ యాప్స్‌లకు పోయి పేరు వెతికితే చాలు. వెబ్‌వ్యూ తెరిచి అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ కొట్టి, ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చేసి చూడుండ్రి. ఆండ్రాయిడ్ 7, 8, 9 ఫోన్లల్ల వెబ్‌వ్యూ పని క్రోమే చేస్తది, అక్కడ వెబ్‌వ్యూ డిజేబుల్ అని కనిపిస్తే కంగారు పడకుండ్రి, అది మామూలే. అసొంటి ఫోన్ల ఇదే పని క్రోమ్ మీద చేయాలె.

అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ అంటే ఆ ఒక్క భాగం ఫోన్ సిస్టమ్‌తోటి వచ్చిన పాత వెర్షన్‌కు పోతది. ఫ్లాష్ కొట్టినా వెబ్‌వ్యూ అట్లనే కొట్టిన సాఫ్ట్‌వేర్‌తోటి వచ్చిన పాత వెర్షన్‌కే పోతది, కాకపోతే ఫోన్ల ఉన్నదంత తుడిచినంక. ఇంట్ల కూసోని ఒక్క బటన్‌తోటి పోయేదానికి 1,200 కట్టి ఇంటి ఫొటోలు ఇచ్చి వచ్చినం. శెభాష్.

గూగుల్ యాప్‌లను వెనకనుంచి నడిపే ప్లే సర్వీసెస్, డయలర్, మెసేజెస్ ఆగిపోయినా వరుస ఇదే, ముందు క్యాష్ (యాప్ తాత్కాలికంగ దాచుకునే ఫైళ్లు) క్లియర్, తర్వాత అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. క్యాష్‌తోటి ఏం పోదు. క్లియర్ డేటా దగ్గర మాత్రం చేయి ఆపుకోండ్రి. సిస్టమ్ యాప్‌ల జాబితాల "కాంటాక్ట్స్ స్టోరేజ్" అని ఒకటుంటది, దాని డేటా క్లియర్ చేస్తే గూగుల్‌ల సేవ్ లేని నంబర్లు పోతయ్. "ఫోన్ అండ్ మెసేజింగ్ స్టోరేజ్" డేటా తుడిస్తే ఎస్సెమ్మెస్‌లు పోతయ్. వీడియోల చూసి కనబడ్డ ప్రతిదానికి క్లియర్ డేటా కొట్టేటోళ్లున్నరు, దుకాణపోడు చేసే పనే వాళ్లు ఉత్తగ చేసుకుంటున్నరు. మెమొరీ నిండినా సిస్టమ్ యాప్‌లు పడిపోతయ్, డేటాబేస్ రాసుకునే జాగ లేక. స్టోరేజ్ చూసి రెండు మూడు జీబీలన్నా ఖాళీ చేసి మళ్లా తెరిచి చూడుండ్రి.

సిస్టమ్ యూఐ (స్క్రీన్ మీద నోటిఫికేషన్లు, బటన్లు చూపెట్టే భాగం) మాటిమాటికి ఆగిపోతే సేఫ్ మోడ్ చూడుండ్రి. శానా ఫోన్లల్ల పవర్ మెనూల పవర్ ఆఫ్ గుర్తును గట్టిగ పట్టుకుంటే అడుగుతది. సేఫ్ మోడ్‌ల మనం ఎక్కించిన యాప్‌లు నడవయ్. అక్కడ మంచిగుంటే తప్పు ఏదో లాంచర్‌దో (హోమ్ స్క్రీన్ మార్చే యాప్), థీమ్‌దో, "ఫోన్ క్లీనర్"‌దో, కొత్తగ ఎక్కించినవి ఒక్కొక్కటి తీసెయ్యాలె. కొన్ని ఫోన్లల్ల, ఫోన్ బంద్ చేసి బటన్లు పట్టి తెరిచే రికవరీ మెనూల వైప్ క్యాష్ పార్టిషన్ ఉంటది, దాంతోటి డేటా పోదు. కని దాని పక్క వరుసల్నే ఫ్యాక్టరీ రీసెట్ ఉంటది. వాల్యూమ్ బటన్ ఒక్కటి ఎక్కువ నొక్కితే అంతే సంగతులు.

3,000 రికవరీ బేరం సంగతి కూడ చెప్తా. ఆండ్రాయిడ్ 10తోటి మార్కెట్లకు వచ్చిన కొత్త ఫోన్లన్నిట్ల స్టోరేజ్ ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటది, అంటే తాళంచెవి లేకుంట చదవరాకుండ ఉంటది. రీసెట్ చేస్తే దాని తాళంచెవి పోతది. తాళంచెవి పోయినంక ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా ఆ ఫొటోలు లోపల్నుంచి రావు. దొరికితే గూగుల్ ఫొటోస్ బ్యాకప్‌ల దొరకాలె, డ్రైవ్‌ల వాట్సాప్ బ్యాకప్‌ల దొరకాలె, లేకుంటే ఎస్‌డీ కార్డుల. ఈ మూడు చోట్ల వెతుక్కునుడు మీ చేతిలనే ఉన్నది, దానికి పైసలెందుకు? ఇక రికవరీ మెనూ నుంచి రీసెట్ కొట్టినంక పాత గూగుల్ అకౌంట్ అడుగుతది. అది దొంగలకు అడ్డం పెట్టిన తాళం, ఆండ్రాయిడ్ 5.1 నుంచి ఉన్నది. ఈ మహానుభావులు దానికి వేరే 500 అడిగిన్రు, లేదంటే "జీమెయిల్ పాస్‌వర్డ్ చీటి మీద రాసియ్యి" అన్నరు. పాస్‌వర్డ్ చీటి మీద! బ్యాంక్ ఓటీపీలొచ్చే ఫోన్‌ది!

ఫోన్ ఇయ్యక తప్పకపోతే, ఇచ్చే ముందు స్క్రీన్ మీద వచ్చిన మెసేజ్ ఫొటో తీసుకోండ్రి. "డేటా తుడవద్దు, తుడవాల్సి వస్తే ముందు ఫోన్ చేయాలె" అని రసీదు మీద రాయించుకోండ్రి, రాయనంటే పక్క దుకాణానికి పోండ్రి. ఈమధ్య సామ్‌సంగ్ ఫోన్లల్ల మెయింటెనెన్స్ మోడ్ ఉన్నది, అది పెట్టిస్తే మీ ఫొటోలు వాళ్లకు కనబడయ్. కని రీసెట్ కొడితే అది కూడ కాపాడదు, బ్యాకప్ బ్యాకప్పే. రసీదు ఉన్నోళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌ల 5 లక్షల లోపు విషయానికి ఫీజు లేదు. మా కాకకు వాళ్లిచ్చింది సిగరెట్ డబ్బ అట్ట మీద నంబర్ రాసిన చీటి.