గుర్రానికి శిక్షణ: వారంలో ఆరు రోజుల స్వారీయా, నాలుగు రోజులా?

ఆరు రోజులు ఎక్కి ఒక రోజు వదిలేయడం చాలా చోట్ల పాత అలవాటు. రోజూ పని ఉంటుంది కాబట్టి గుర్రం నేర్చుకున్నది మర్చిపోదు, కుదురుగా ఉంటుంది. ఆరు రోజులూ గట్టి పనే పెడితేనే చిక్కు. బాగా పరిగెత్తించాక కండరాల్లో ఖర్చయిన గ్లైకోజెన్ (కండరాలు దాచుకునే ఇంధనం) పూర్తిగా నిండడానికి గుర్రానికి 48 నుంచి 72 గంటలు పడుతుంది. మనిషి కంటే చాలా నెమ్మది. పైగా గుండె కొన్ని వారాల్లోనే పుంజుకుంటుంది కానీ ఎముకలు, స్నాయువులు (కండరాలను ఎముకలకు కలిపే పట్టీలు) గట్టిపడడానికి నెలలు కావాలి. దమ్ము బాగుంది కదా అని పని పెంచేస్తే దెబ్బతినేది కాళ్లే. ఒళ్లు గట్టిపడిన గుర్రమైతే, ఆరింట్లో రెండు మూడు రోజులు ఉత్త నడకే అయితే, ఈ పద్ధతీ నడుస్తుంది.

నాలుగు రోజుల పద్ధతిలో గట్టి పని రెండు రోజులే, మరో రెండు రోజులు తేలిక స్వారీ. లేత గుర్రాలకు నా ఓటు దీనికే. కానీ సెలవంటే కొట్టంలో కట్టేయడం కాదు, బయట తిరగనివ్వాలి. కదలనివ్వకుండా దాణా మాత్రం పూర్తిగా పెడితే మర్నాడు పనిలో కండరాలు బిగుసుకుపోయి, విపరీతంగా చెమట పట్టి, మూత్రం ముదురు రంగులో రావచ్చు. అలా కనిపిస్తే అడుగు కూడా వేయించకుండా పశువైద్యుణ్ణి పిలవండి. సెలవు రోజు దాణా తగ్గించి గడ్డి పెట్టాలి.

ఏ పద్ధతైనా సరే, పొద్దున్నే ముందు కాళ్ల వెనక స్నాయువులు తడిమి చూడండి. ఒక కాలు రెండోదాని కంటే వేడిగా, ఉబ్బుగా తగిలితే ఆ రోజు జీను వెయ్యొద్దు.