బారిస్టర్‌ను కలిసే ముందు మీ కాగితాలు అక్కడికి చేరాయో లేదో కనుక్కోండి

ఇంగ్లండ్‌లో ప్రమాదానికి గురై, గెలిస్తేనే ఫీజు అనే ఒప్పందం మీద క్లెయిమ్ వేసిన తెలుగువారు దయచేసి ఇది చదవండి.

మావారికి గోదాములో పనిచేస్తుండగా ఫోర్క్‌లిఫ్ట్ తగిలి భుజం దెబ్బతింది. కేసు తీసుకున్న సొలిసిటర్ల (కాగితాలు చూసి కేసు నడిపే లాయర్ల) సంస్థ, సలహా ఇచ్చి కోర్టులో వాదించే బారిస్టర్‌తో సమావేశం ఏర్పాటు చేసింది. ఆవిడ కాగితాల కట్ట తిరగేసి మొదట అడిగింది, "ఎమ్మారై రిపోర్టు ఏది?" అని. దాన్ని మేం ఎప్పుడో పంపాం. కట్టలో లేదు. రాత్రి షిఫ్టుల ఓవర్‌టైమ్ కనిపించే పే స్లిప్పులు కూడా లేవు. మా సొలిసిటర్ రానేలేదు. బదులుగా వచ్చిన కుర్రాడు మా ఫైలును అక్కడే మొదటిసారి తెరిచాడు.

బారిస్టర్‌ను నేను తప్పుపట్టను. ఆవిడ చెప్పగలిగేది ఎదుట ఉన్న కాగితాన్ని బట్టే. ఓవర్‌టైమ్ రుజువు లేకపోతే పోయిన జీతం లెక్క తగ్గుతుంది. మా విషయంలో అదే జరిగింది. అందుకే సమావేశానికి వారం ముందే, బారిస్టర్‌కు ఏయే కాగితాలు పంపారో జాబితా ఇమ్మని సొలిసిటర్‌కు ఈమెయిల్ రాయండి. మీ దగ్గరున్న నకళ్లన్నీ వెంట తీసుకెళ్లండి.

ఓదార్పు కోసం ఎదురుచూడకండి. తప్పు అవతలివాళ్లదని రుజువవుతుందా, గెలిచే అవకాశం ఎంత, ఎంత సొమ్ము రావచ్చు అన్నవే అక్కడ ప్రశ్నలు. నొప్పికి, బాధకు ఇచ్చే మొత్తానికి న్యాయమూర్తులు అనుసరించే మార్గదర్శకాలున్నాయి. జీతం, ఫిజియోథెరపీ, ప్రయాణ ఖర్చులు మాత్రం మీరే పైసాతో సహా చూపించాలి. బారిస్టర్ గుచ్చి గుచ్చి అడుగుతారు. రేపు కోర్టులో అవతలి లాయరు అడిగేవీ అవే, నొచ్చుకోకండి. ఉన్నదున్నట్టు చెప్పండి. 2015 నాటి క్రిమినల్ జస్టిస్ అండ్ కోర్ట్స్ చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం, క్లెయిమ్ విషయంలో మౌలికంగా మోసానికి పాల్పడ్డారని కోర్టు తేలిస్తే, నిజంగా తగిలిన దెబ్బకు రావలసిన పరిహారం కూడా సాధారణంగా పోతుంది. అవతలివాళ్ల బీమా కంపెనీలు రహస్యంగా వీడియోలు తీయిస్తాయి, మీరు పెట్టిన ఫొటోలూ వెతుకుతాయి.

నాకు కోపం తెప్పించింది ఆ తర్వాత జరిగింది. వరండాలోకి రాగానే ఆ కుర్రాడు బీమా కంపెనీ ఇవ్వజూపిన మొత్తం చెప్పి, సాయంత్రంలోగా ఒప్పుకోమన్నాడు. అది పార్ట్ 36 ప్రతిపాదన, అంటే కోర్టు నిబంధనల్లోని ఆ భాగం కింద ఇచ్చే రాజీ ప్రతిపాదన. అలాంటి దానికి మామూలుగా కనీసం 21 రోజుల గడువు ఉంటుంది. మాకింకా చాలా రోజులు మిగిలే ఉన్నాయి. కాదన్నాక కోర్టులో అంతకు మించి రాకపోతే, గడువు దాటాక అవతలివాళ్లకు అయిన ఖర్చులు మన పరిహారంలోంచి పోవచ్చు. ఇంత బరువైన నిర్ణయాన్ని నిలబెట్టి అడుగుతారా? బారిస్టర్ సలహా రాతపూర్వకంగా వచ్చాకే చెబుతామని గట్టిగా అన్నాం.

చేతికి చివరికి ఎంత వస్తుందో కూడా కాగితం మీద అడగండి. ఇలాంటి కేసుల్లో గెలుపు ఫీజు, అంటే గెలిస్తే సొలిసిటర్ మన సొమ్ములోంచి అదనంగా తీసుకునేది, నొప్పికి, అప్పటిదాకా జరిగిన నష్టానికి వచ్చిన సొమ్ములో 25 శాతం దాటకూడదు. కానీ ఓడితే పడే ఖర్చుల కోసం మన తరఫున తీసుకున్న బీమా ప్రీమియం దానికి అదనంగా కోసుకునే వీలుంది. ఆ మాట మాకెవరూ నోటితో చెప్పలేదు.

ఫిర్యాదు ముందు ఆ సొలిసిటర్ల సంస్థకే రాయాలి. ఎనిమిది వారాల్లో తేల్చకపోయినా, జవాబు నచ్చకపోయినా లాయర్ల సేవలపై ఫిర్యాదులు చూసే లీగల్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు, రుసుము లేదు. మా ఫిర్యాదు ఇచ్చేశాం, జవాబు రావలసి ఉంది.